పాయింటు లేని ముప్పై రెండు

మూడో లోడుకి కూడా స్క్రీను మీద ఎర్ర అక్షరాలే పడ్డాయి. లేత.

వినీల ఆ మాటను కాసేపు చూసి, కిటికీలోంచి వెనక షెడ్డు వైపు తల తిప్పింది. సువర్ణరాజు ట్రేల పక్కన నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆయనకింకా తెలియదు. ఆయన ముఠాలో పన్నెండు మంది. కొందరు సీసా ఎత్తి నీళ్లు తాగుతున్నారు, ఒకతను చిక్కానికి తెగిన తాడు ముడేసుకుంటున్నాడు. ఆయన భార్య జోజమ్మ పై ట్రేలో ఒక్కొక్క కాయా తిప్పుతూ సొన మరక ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతోంది. ఉండదు. వాళ్లు తొడిమ తుంచి, కాయను బోర్లించి, సొన అంతా కారాకే ట్రేలో పెడతారు. అయినా ఆవిడ వెతకడం మానదు.

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే రోడ్డు మీద ఉన్న ఆ ప్యాక్‌హౌస్ వీరభద్రరావు గారిది. బంగినపల్లి కాయను కడిగి, ఏరి, అట్టపెట్టెల్లో సర్ది ముంబై కంపెనీకి పంపిస్తారు. అక్కడ అది ఓడెక్కుతుంది. ఓడెక్కే కాయ ముదిరి ఉండాలి, కానీ పండు తిరగకూడదు. ఆ మధ్య గీత ఎక్కడుందో చెప్పడానికి ఈ ఏడు ఒక మిషను తెచ్చారు. కాయను కొయ్యకుండానే, దాని మీద వెలుతురు వేసి, లోపల ఎంత ముదిరిందో చెప్పేస్తుంది. దాన్ని నడిపేది వినీల. అంతకు ముందు ఆ పని సువర్ణరాజు లాంటి మేస్త్రీలు చెట్టు కింద నిలబడి చేసేవాళ్లు. తొడిమ దగ్గర భుజాలు లేచాయా, తొక్క మీద నిగారింపు వచ్చిందా, అరచేతిలో పెడితే బరువు తెలుస్తోందా అని చూసేవాళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఈ చుట్టుపక్కల సువర్ణరాజు కోత అంటే కాయ తిప్పి చూసినవాడు లేడు. ఆ సంగతి మిషనుకి ఎవరూ చెప్పలేదు.

"ఏమ్మా, ఏం పడింది?" సువర్ణరాజు కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు.

వినీల నోరు తెరిచేలోపే వీరభద్రరావు గారు వెనకనుంచి వచ్చి స్క్రీను చూశారు.

"రాజూ, మూడోసారయ్యా," అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. "రూలు నీకూ తెలుసు. మూడుసార్లు లేత కోస్తే ఆ ముఠా ఈ సీజనంతా మన దగ్గర కొయ్యడానికి లేదు. నేను పెట్టిన రూలు కాదు, ముంబై వాళ్లది."

జోజమ్మ ఎవరూ అడగకుండానే ఒక కాయ తీసి, నిలువునా కోసి కిటికీ గట్టు మీద పెట్టింది. టెంక ముదిరి కత్తికి ఎదురు తిరిగింది. దాని చుట్టూ కండ పసుపు పచ్చగా ఉంది.

"చూడండి బాబుగారూ. లేత కాయ ఇట్టా ఉంటదా?"

వీరభద్రరావు గారు చూశారు. ఆయనా మామిడి చెట్ల కింద పుట్టి పెరిగినవాడే. ఒక్క క్షణం తటపటాయించి, "కంటికి కనిపించేదే చెప్పేట్టయితే ఈ మిషను ఎందుకు తెచ్చుకుంటామమ్మా?" అనేశారు.

సువర్ణరాజు వాదిస్తాడనుకుంది వినీల. వాదిస్తే బాగుండుననుకుంది. ఆయన ఆ కాయ చెక్కను చేతిలోకి తీసుకుని, వెలుతురులోకి ఎత్తి, ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఏమోనండి," అన్నాడు చివరికి. "ఒకసారంటే పొరపాటు. మూడుసార్లూ అది అబద్ధం చెబుతదా?"

ట్రేలన్నీ మళ్లీ ఆటోలోకి ఎక్కాయి. రూలు ప్రకారం ఒక్క ట్రే మాత్రం నమూనాగా వెనక ఉంచారు.

*

పల్లెటూళ్లలో మంచి కబురు నడిచొస్తుంది, చెడ్డ కబురు ఫోన్లో వస్తుంది. మంగళవారం మధ్యాహ్నానికి ఇద్దరు తోటల వాళ్లు సువర్ణరాజుకి ఫోన్ చేసి, ఈసారికి రావొద్దులే అని చెప్పేశారు. ఆ సంగతి రిబ్కమ్మ చెప్పింది. రిబ్కమ్మ వెనక షెడ్డులో పనిచేస్తుంది. వచ్చిన ప్రతి లోడులోనూ ఒక కాయకి సూది థర్మామీటరు గుచ్చి, కాయ ఎంత వేడిగా ఉందో కిటికీలోంచి వినీలకి అరిచి చెప్పడం ఆవిడ పని. వేడి కాయ ఒకలా, చల్లటి కాయ ఒకలా వెలుతురు తాగుతాయి కాబట్టి, ఆ సంఖ్య లేకపోతే మిషను లెక్క కుదరదు.

"పాపం, సువర్ణరాజు అన్నం కూడా తినలేదంట," అంది రిబ్కమ్మ. "కళ్లజోడు మార్పించుకోవాలి అంటున్నాడంట. ఆయన కళ్లకేమైందే? రోడ్డుకవతల నిలబడి కలెక్టర్ కాయేదో రసం కాయేదో చెప్పేవాడు."

వినీల అన్నం డబ్బా మూత పెట్టేసింది. సువర్ణరాజు ఆమెకి చుట్టం కాదు, కానీ ఒకే పేట, ఒకే చర్చి. పుట్టినప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తోంది. షెడ్డు ఖాళీ అయ్యాక నమూనా ట్రేలోంచి ఒక కాయ తెచ్చి మిషను కింద పెట్టింది. రిబ్కమ్మ సూది గుచ్చి "ముప్పై రెండూ!" అని అలవాటు కొద్దీ పక్కనే నిలబడి కూడా అరిచింది. వినీల 32 అని కొట్టింది.

ముదురు, అని పడింది. పచ్చ అక్షరాలు.

నిన్న ఇదే ట్రే లేత. ఒక్క రోజులో ముదిరిందేమోననుకుంటుండగా ముందు గేటు దగ్గర హారన్ మోగింది. వీరభద్రరావు గారి సొంత తోట వ్యాను. అందులో కాయలు చల్లటి గదిలో ఉండి వస్తాయి. పెద్ద తోటల వాళ్ల కాయలకి రిబ్కమ్మ సూది అక్కర్లేదు. ముందు గేటు మీటరు నుంచి వైరు నేరుగా కంప్యూటర్లోకి వస్తుంది. 15.4 అని దానంతటదే పడింది. ఆ లోడు అయిపోయాక వినీల మళ్లీ ఆ పాత కాయనే పెట్టి 32 కొట్టింది.

లేత.

పది నిమిషాల్లో ఏ కాయా ముదురు నుంచి లేతకి తిరిగి వెళ్లదు. వినీల ఈసారి 32.0 అని పాయింటు పెట్టి కొట్టింది.

ముదురు.

"ఏంటే, ఆ కాయ ఊసరవెల్లా?" అంది రిబ్కమ్మ.

"కాయ కాదు పిన్నీ," అంది వినీల. "నేను."

మిషను లోపల పనిచేసే ప్రోగ్రాము సి భాషలో ఉంది. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఇక్కడెవరికీ తెలియదు. మూత తీయలేని డబ్బాలా మిషనుతో పాటే వచ్చింది. బయట స్క్రీనూ, జాబితాలూ, ఎర్ర పచ్చ అక్షరాలూ వినీల ఎనిమిది నెలల కింద పైథాన్‌లో రాసింది. పైథాన్‌లోంచి సి ని పిలిచి, కాయ వేడి ఎంతో దానికి అందించి, అది చెప్పిన జవాబు తెచ్చుకోవాలి. పైథాన్ నోరున్న భాష. తేడా వస్తే అక్కడే ఆగి గోల పెడుతుంది. సి అలా కాదు. ఒక చెయ్యి చాపుతుంది, అందులో ఏది ఉంటే అది తీసుకుని లెక్క మొదలుపెడుతుంది. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అని అడగదు.

సి కి రెండు చేతులనుకుంటే, పాయింటు ఉన్న సంఖ్యల్ని కుడిచేతికి ఇస్తారు, పాయింటు లేనివాటిని ఎడమచేతికి. ఈ సి ప్రోగ్రాము చూసేది కుడిచేతిలోకే. వినీల రాసిన వంతెన మీంచి 15.4 వెళ్తే సరైన చేతిలో పడేది. 32 వెళ్తే ఎడమచేతిలో పడేది. సి కుడిచెయ్యి చూసుకుని, అందులో ముందు లోడుది ఏ సంఖ్య మిగిలి ఉంటే దాన్నే ఈ కాయ వేడి అనుకునేది. ఏ లోడైనా అయిపోయాక దాని వేడిని జాబితాలో పాయింటు పెట్టే రాసుకునేది ప్రోగ్రాము, అలా ఆ సంఖ్య కుడిచేతిలో మిగిలిపోయేది.

మొదట్లో ఈ రెండు భాషల్నీ కలిపేటప్పుడు, పాయింటు ఉన్న సంఖ్యని ఎలా అందించాలో తెలియడం లేదని పైథాన్ గోల పెట్టింది. వినీల దానికొక కవరు తొడిగి సరిచేసింది. పాయింటు లేని సంఖ్య గురించి అది కిక్కురుమనలేదు కాబట్టి దాని జోలికి పోలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆ రోజు ఆమె చేసిందీ అంతే.

ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదో కూడా ఇప్పుడు తెలిసింది. వెనక షెడ్డులో ఒక లోడు తర్వాత ఇంకో లోడు వస్తే అన్నీ ముప్పై ఒకటి, ముప్పై మూడు మధ్యలోనే ఉంటాయి. పాతది మిగిలినా పెద్ద తేడా రాదు. సొంత తోట వ్యాను వెనకాలే వచ్చే మొదటి లోడుకే దెబ్బ. ఆ తోట కోత మొదలై వారం కూడా కాలేదు. ముప్పై రెండు డిగ్రీల కాయని పదిహేను డిగ్రీల కాయగా లెక్కకడితే అది ముదురైనా లేతగానే తేలుతుంది. పొద్దున్నే ఆ వ్యాను వెనకాలే అందరికంటే ముందు వచ్చేది ఎవరు? తెల్లారకముందే ముఠాని లేపి, ఎండ ఎక్కేలోపు కోత ముగించే సువర్ణరాజు. బద్ధకంగా తొమ్మిదింటికి వచ్చే ముఠాలన్నీ హాయిగా ఉన్నాయి. పెందలాడే లేచినందుకు ఆయనకి శిక్ష పడింది.

"పిన్నీ, నువ్వు పాయింటు తర్వాతది ఎందుకు చెప్పవు?" అని అడిగింది.

"ఆ ముక్క కూడా అరుస్తూ కూర్చుంటే నా గొంతేం కావాలే? ముప్పై రెండంటే ముప్పై రెండేగా!"

నిజమే. ముప్పై రెండంటే ముప్పై రెండే. లోకంలో ఎవరిని అడిగినా అదే చెబుతారు. వినీలకి ఏడుపొచ్చింది.

సరిచెయ్యడానికి రెండు లైన్లు సరిపోయాయి. ఏ సంఖ్య వచ్చినా ముందు పాయింటు ఉన్న సంఖ్యగా మార్చి, అప్పుడే అందించమని రాసింది. అదే కాయని పదిసార్లు, వ్యాను కాయ ముందూ వెనకా పెట్టి చూసింది. పదిసార్లూ ముదురే.

*

వీరభద్రరావు గారు మంగళవారం విజయవాడలో ఉండిపోయారు. బుధవారం మధ్యాహ్నం దొరికారు. వినీల అంతా చెప్పింది. చేతుల సంగతి చెప్పింది, వ్యాను సంగతి చెప్పింది, తప్పు తనదేనని రెండుసార్లు చెప్పింది. ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"ఇప్పుడు బాగయిందా?"

"బాగయింది సార్."

"అయితే ఇంకేం?"

"సువర్ణరాజు బాబాయ్ కోసిన మూడు లోడ్లూ మంచివే సార్. ఆ మాట ఆయనకి చెప్పాలి. తోటల వాళ్లకీ చెప్పాలి. ముంబై వాళ్లకి రాయాలి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎల్లుండి ముంబై నుంచి తనిఖీకి మనుషులొస్తున్నారు. రెండు నెలల నుంచి మిషను తప్పు చెబుతోందని నేను ఇవాళ రాశాననుకో. మూడు లోడ్లతో ఆగుతారా? పంపిన ప్రతి పెట్టె మీదా అనుమానం వస్తుంది. నలభై తోటల కాయ వెనక్కి పంపిస్తారు. ఒక్క రాజు కోసం నలభై మందిని ముంచమంటావా?"

అది అన్యాయమని వినీలకి తెలుస్తోంది, కానీ ఆ మాటలో తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించలేకపోయింది.

ఆమె ముఖం చూసి ఆయన కొంచెం మెత్తబడ్డారు. "చూడమ్మాయ్, నేనేమీ కసాయివాణ్ణి కాను. రేపు పొద్దున ఒక్క లోడు తెమ్మను. మిషను బాగుందంటే వాళ్ల పేరు మళ్లీ ఎక్కించెయ్. మేస్త్రి పాతవాడు కదా అని నేనే ఇంకో అవకాశం ఇచ్చానని చెప్పు. ఈ పైథానూ అదీ ఇదీ ఏమీ మాట్లాడొద్దు. వాళ్లకి చెబితే సాయంత్రానికి విస్సన్నపేట అంతా తెలుస్తుంది. నోరు జారిందో, రాజుకి ఈ అవకాశమూ ఉండదు, నీకు ఈ కుర్చీ ఉండదు."

రేపు ఒక్క లోడు. మిషను బాగయింది, ఆయన కోత ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇక భయమేముంది? వినీల తల ఊపింది. తప్పు ఒప్పుకోకుండానే తప్పు సరిదిద్దుకునే దారి దొరికినందుకు లోపల ఎక్కడో తేలిక కూడా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

సాయంత్రం స్కూటీ మీద నేరుగా సువర్ణరాజు ఇంటికి వెళ్లింది. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గిన్నెలో నాలుగు కాయలు. ఒకటి తీసి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని, భుజాల మీద బొటనవేలు రుద్ది, కింద పెట్టి, ఇంకొకటి తీస్తున్నాడు. మళ్లీ మొదటిదే తీస్తున్నాడు. జోజమ్మ గుమ్మంలో కూర్చుని అది చూడలేక ముఖం తిప్పుకుంది.

"నిన్నటినుంచీ ఇదే వరసమ్మా," అంది.

వినీల కబురు చెప్పింది. ఆయన ముఖంలో సంతోషం కంటే బెరుకు ముందు కనిపించింది.

"బాబుగారు దయ తలిచారు. కానీ తోట ఏదమ్మా? అందరూ వద్దన్నారు. షీబా టీచరు గారి రెండెకరాలే ఉంది. ఆవిడ ఒక్కతే నువ్వే కొయ్యి రాజూ అంది." ఆయన చేతిలో కాయని గిన్నెలో పెట్టాడు. "ఆవిడ కాయ కూడా నా మూలాన పాడైతే ఇంక ముఖం ఎత్తుకోలేను."

"ఏం కాదు బాబాయ్. మీరు ఎప్పుడూ కోసినట్టే కొయ్యండి. ఏమీ మార్చొద్దు."

"ఎప్పుడూ కోసినట్టు కోస్తేనే కదమ్మా ఇట్టా అయింది?"

వినీల తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. మీ కంటికేమీ కాలేదు బాబాయ్, నా ప్రోగ్రాములో తప్పు. ఇంతే. ఇంత చిన్న మాట. రేపు పొద్దున్నే పచ్చ అక్షరాలు పడ్డాక చెబుదాం, అప్పుడైతే ఎవరికీ నష్టం లేదు అని సర్దిచెప్పుకుంది.

"నా మాట వినండి బాబాయ్. ఎప్పటిలాగే," అని ఇంకోసారి చెప్పి లేచింది. ఆయన సరేనన్నాడు.

*

గురువారం పొద్దున సొంత తోట వ్యాను వచ్చింది, వెళ్లింది. దాని వెనకాల ఆటో రాలేదు. ఎనిమిదిన్నర అయింది. ఇంకో ముఠా వచ్చి లోడు దింపి వెళ్లింది. సువర్ణరాజు ఏ రోజూ ఇంత ఆలస్యం చెయ్యలేదు. తొమ్మిదిన్నరకి ఆటో లోపలికి వచ్చినప్పుడు వినీల కుర్చీలోంచి లేచి నిలబడింది.

ట్రేలు దింపుతున్నారు. రోజూ వచ్చేదాంట్లో సగం కూడా లేవు. కాయలు బంగారంలా ఉన్నాయి, దూరం నుంచే నిగనిగలాడుతున్నాయి. రిబ్కమ్మ సూది గుచ్చి, "ముప్పై మూడూ!" అని అరిచింది. వినీల 33 కొట్టి, చూపుడువేలు బల్ల మీద ఆనించి ఆగింది.

పండు తిరిగింది. పంపడానికి పనికిరాదు.

ఇంకో కాయ పెట్టింది. అదే. ఇంకొకటి. అదే. పాయింటు పెట్టి కొట్టింది, ఒక కాయకి తనే సూది గుచ్చి 33.2 అని కూడా కొట్టింది. మిషను ప్రతిసారీ అదే మాట అంది. తనే ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తొడిమ దగ్గర సన్నగా వాసన వస్తోంది. వేలితో నొక్కితే రవ్వంత లొంగింది. మిషను తప్పు చెప్పడం లేదు.

జోజమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. ఆవిడకి జవాబు ముందే తెలుసు.

"ఎంత చెప్పినా వినలేదమ్మా," అంది గొంతు తగ్గించి. "పండు రాలిన చెట్లే ఎక్కించాడు. రంగు తిరిగిన కాయే కొయ్యమన్నాడు. మంచి కాయలన్నీ లేతగా ఉన్నాయని చెట్టు మీదే వదిలేయించాడు. ఒక్కొక్క కాయకీ కింద నిలబడి అడుగుతాడు, ఇది ముదిరిందా, నిజంగా ముదిరిందా అని. ఆయన నన్ను అడగడమేంటమ్మా? ముప్పై ఏళ్లలో ఎప్పుడైనా అడిగాడా?"

వీరభద్రరావు గారు వచ్చి స్క్రీను చూశారు, తర్వాత కాయను చూశారు. ఈసారి ఆయన తటపటాయించలేదు. వినీల వైపు మాత్రం ఒకసారి చూసి, "నేను చెయ్యగలిగింది చేశాను," అని లోపలికి వెళ్లిపోయారు. అది అబద్ధం కూడా కాదు.

సువర్ణరాజు షెడ్డు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. వినీల గదిలోంచి బయటికి నడిచింది. రిబ్కమ్మ, ముఠా వాళ్లు, ఆటో డ్రైవరు అందరూ ఉన్నారు. ఉంటే ఉండనీ అనుకుంది. కుర్చీ పోతే పోనీ అనుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎంత సులువో ఆమెకి అప్పుడే తెలిసింది.

"బాబాయ్, మొన్నటి మూడు లోడ్లూ మంచివే. మిషను తప్పు చెప్పింది. మిషను కూడా కాదు, నేను. దానికి సంఖ్య అందించే చోట నేను తప్పు రాశాను. మీ కాయలు వ్యాను వెనకాల రావడంతో వ్యాను కాయల వేడి మీ కాయలకి పడింది. మంగళవారమే తెలిసింది నాకు. మీ కంటికేమీ కాలేదు బాబాయ్."

ఆయన నిదానంగా విన్నాడు. ఎంత అర్థమైందో తెలియదు కానీ, అర్థం కావలసింది అర్థమైంది.

"ఇవాళ్టిది?" అన్నాడు.

వినీల తల దించుకుంది. "ఇవాళ మిషను నిజమే చెప్పింది."

"ఊఁ." ఆయన పక్క ట్రేలోంచి ఒక కాయ తీశాడు. ఈసారి కళ్ల దగ్గరికి పెట్టుకోలేదు. అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుని, మళ్లీ ట్రేలో పెట్టేశాడు. "నాలుగు రోజులు దాటిపోయింది దీనికి. చెట్టు కిందే తెలుసు నాకు. తెలిసినా నమ్మలేదు."

ముఠా వాళ్లు ఎవరూ చెప్పకుండానే ట్రేలు ఎత్తడం మొదలుపెట్టారు. టీచరు గారికి ఏం చెబుదామని ఎవరో అడిగారు. జోజమ్మ ఇంకో ట్రే ఎత్తింది. సువర్ణరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. వినీల ముందు ఆగాడు. ఆయన తిడతాడని ఆమె ఎదురుచూసింది.

"నిన్న చెప్పుంటే నా కంటితోనే కోసేవాణ్ణి తల్లీ," అన్నాడు.

వెళ్లి ఆటోలో ముందు కూర్చున్నాడు. ఆటో గేటు దాటి విస్సన్నపేట వైపు తిరిగింది. వినీల షెడ్డులోనే నిలబడిపోయింది. వెనక్కి పిలిచి చెప్పడానికి ఆమె దగ్గర ఇంకేమీ మిగల్లేదు.